వెండర్ ఎగ్గొట్టిన 86,000, పిల్లల క్రెడిట్, కమిషన్‌కి వచ్చే ఆర్ అండ్ డీ: డాలస్ పాఠకుడికి జవాబు

ప్రశ్న: నమస్కారమండీ. మేం డాలస్ దగ్గర ఉంటాం. గ్రీన్ కార్డ్ వచ్చాక చిన్న ఐటీ కన్సల్టింగ్ కంపెనీ పెట్టాను. ఎస్ కార్పొరేషన్ (లాభం నేరుగా యజమాని రిటర్న్‌లోకి వచ్చే రకం కంపెనీ), పన్నెండు మంది పని చేస్తున్నారు, రిటైర్‌మెంట్ పొదుపు ప్లాన్ 401(కె) ఇంకా పెట్టలేదు. ఒక వెండర్, అంటే మాకూ అసలు క్లయింటుకీ మధ్య ఉండి మాకు డబ్బు కట్టాల్సినవాడు, ఐదు నెలల ఇన్వాయిస్‌లు, మొత్తం 86,000 డాలర్లు, ఎగ్గొట్టేలా ఉన్నాడు. అయినా మా ఉద్యోగుల జీతాలు ఆపలేదు. బ్యాంకు లైన్ ఆఫ్ క్రెడిట్ రెన్యువల్ కోసం గ్యాప్ (అమెరికా అకౌంటింగ్ ప్రమాణాల) పద్ధతిలో స్టేట్‌మెంట్లు అడిగింది. మా అకౌంటెంట్ అందులో క్రెడిట్ లాసెస్ అలవెన్స్, అంటే రాకపోవచ్చనుకునే బాకీల అంచనా, అని 55,200 డాలర్లు చూపించి లాభం బాగా తగ్గించేశారు. సరే, నష్టమే కదా, ట్యాక్స్ అయినా తగ్గుతుందనుకుంటే మా ట్యాక్స్ రిటర్న్ వేసే సీపీఏ ఒక్క డాలర్ కూడా తగ్గదంటున్నారు. మా రిటర్న్ క్యాష్ బేసిస్‌లో వేస్తారు. ఎవరిని నమ్మాలి? ఇంకో సంగతి, పెద్దబ్బాయికి నవంబర్‌లో 17 నిండాయి, చిన్నమ్మాయికి 9. ఇద్దరూ ఇక్కడే పుట్టారు. 2025లో మా ఇద్దరి ఆదాయం కలిపి 4,12,000. మా ఆవిడ కూడా ఉద్యోగం చేస్తుంది. పిల్లల క్రెడిట్ ఎంత వస్తుంది? విజయవాడలో ఉన్న అత్తయ్య, మామయ్యలకు నెలనెలా డబ్బు పంపుతున్నాం, వాళ్లని డిపెండెంట్లుగా చూపించొచ్చా? ఒక ఫ్రెండ్‌కి 20,000 చేబదులు ఇచ్చాను, అదీ వచ్చేలా లేదు. ఇవి చాలవన్నట్టు ఒక సంస్థవాళ్లు ఫోన్ చేసి ఆర్ అండ్ డీ క్రెడిట్ (పరిశోధన చేసే కంపెనీలకిచ్చే పన్ను రాయితీ) కింద లక్ష పైన తెప్పిస్తాం, అందులో 25 శాతం మాకివ్వండి అంటున్నారు. ఇంకా సంతకం చేయలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం: ముందు మీ టెన్షన్ కొంత తగ్గిస్తాను. మీ అకౌంటెంట్, మీ సీపీఏ ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకరు బ్యాంకు చదివే లెక్క గురించి మాట్లాడారు, ఇంకొకరు అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ చదివే రిటర్న్ గురించి. బ్యాంకుకి కావాల్సింది అంచనా, అంటే ఈ బాకీల్లో చివరికి ఎంత చేతికొస్తుందని మీరు నిజాయితీగా అనుకుంటున్నారో అది. ఐఆర్ఎస్‌కి అంచనాలతో పని లేదు, జరిగిపోయింది చూపించాలి, దానికి కాగితం ఉండాలి. మీరు అడిగిన ఐదారు ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఇక్కడే మొదలవుతుంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

అలవెన్స్ సంగతి చూద్దాం. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత అమెరికాలో వచ్చిన పెద్ద విమర్శ ఏమిటంటే, అప్పులు మునిగిపోతున్నాయని అందరికీ కనిపిస్తున్నా బ్యాంకుల లెక్కల్లో నష్టం చాలా ఆలస్యంగా కనిపించిందని. పాత నియమం ప్రకారం నష్టం దాదాపు ఖాయమైతే తప్ప పద్దు రాయకూడదు. దాన్ని మారుస్తూ అక్కడి అకౌంటింగ్ ప్రమాణాల బోర్డు ఫ్యాస్‌బీ 2016 జూన్‌లో కొత్త ప్రమాణం తెచ్చింది, సీసెల్ అని పిలుస్తారు. పెద్ద లిస్టెడ్ కంపెనీలకు 2020 నుంచి, మీలాంటి ప్రైవేటు కంపెనీలకు 2023 నుంచి వర్తించింది. ఇది బ్యాంకుల గొడవ, మాకేం పని అని చిన్న కంపెనీలవాళ్లు చాలామంది అనుకున్నారు, కానీ మీరు క్లయింటుకి పంపి డబ్బు కోసం ఎదురుచూసే మామూలు ఇన్వాయిస్ కూడా దీని కిందికే వస్తుంది. ఇన్వాయిస్ పంపిన రోజు నుంచే, ఇంకా గడువు కూడా దాటకముందే, ఇందులో ఎంత రాకపోవచ్చు అని అంచనా కట్టి పక్కన చూపించాలి. పాత పద్ధతికీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే.

మీ అకౌంటెంట్ 55,200కి ఎలా వచ్చారో మీరు పంపిన కాగితంలో చూశాను, పద్ధతిగా చేశారు. ఆ వెండర్‌ని పక్కన పెడితే మీకు రావాల్సింది 1,54,000. అందులో గడువు దాటని లక్షకి 1 శాతం అంటే 1,000, నెలలోపు ఆలస్యమైన 40,000కి 3 శాతం అంటే 1,200, అంతకంటే ఆలస్యమైన 14,000కి 10 శాతం అంటే 1,400, మొత్తం 3,600. ఆ 86,000ని మాత్రం ఈ గుంపులో కలపలేదు, విడిగా చూశారు. అది తప్పనిసరి కూడా, ఒకే రకం రిస్కు ఉన్న బాకీలనే కలిపి శాతాలు వేయాలి, మునిగిపోతున్న వెండర్‌ని సరిగ్గా కట్టేవాళ్లతో కలిపితే అంచనాకి అర్థం లేదు. దానిలో 60 శాతం రాదని 51,600 పెట్టారు. రెండూ కలిపితే 55,200. నేను ఆయన్ని అడిగే ప్రశ్న ఒక్కటే, ఆ 60 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? వెండర్ పంపిన ఈమెయిలా, గతంలో ఇలాంటి బాకీ ఎంత వసూలైందన్న అనుభవమా, లాయర్ మాటా? ఏదో ఒకటి రాసి ఫైల్లో ఉంచమనండి. బ్యాంకు అడిగేది అంకె కంటే దాని వెనక ఉన్న ఆధారాన్నే.

మీకు పనికొచ్చే ఒక వెసులుబాటు 2025 జూలైలో వచ్చింది. స్వల్పకాలిక బాకీలకు, అంటే మీ ఇన్వాయిస్‌ల్లాంటి వాటికి, ముందుముందు ఆర్థిక వ్యవస్థ ఎటు పోతుందో జోస్యం చెప్పక్కర్లేదు, బ్యాలెన్స్ షీట్ తేదీ నాటి పరిస్థితులే కొనసాగుతాయని అనుకోవచ్చు. ప్రైవేటు కంపెనీలకు ఇంకో అడుగు ముందుకేసి, డిసెంబర్ 31 తర్వాత స్టేట్‌మెంట్లు తయారయ్యేలోపు నిజంగా చేతికొచ్చిన డబ్బుని కూడా లెక్కలోకి తీసుకోవచ్చన్నారు. 2025 డిసెంబర్ 15 తర్వాత మొదలయ్యే సంవత్సరాలకు ఇది వర్తిస్తుంది, ముందుగా వాడుకోవాలన్నా అనుమతి ఉంది. జనవరి, ఫిబ్రవరిల్లో మీకు వసూలైన ఇన్వాయిస్‌లకు అలవెన్స్ అక్కర్లేదు కాబట్టి ఆ 3,600 చాలావరకు పోతుంది. 51,600 పోదు, ఆ ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు మిమ్మల్ని నిజంగా బాధపెడుతున్న విషయం, ఇంత నష్టానికి పన్ను ఎందుకు తగ్గదు అన్నది. అమెరికాలో ఒకప్పుడు వ్యాపారులు ఇలా అంచనాగా పక్కన పెట్టిన మొత్తాన్ని పన్ను లెక్కలో కూడా ఖర్చుగా చూపించేవాళ్లు. 1986 ట్యాక్స్ రిఫార్మ్ చట్టం కొన్ని ఆర్థిక సంస్థలకు తప్ప మిగతా వ్యాపారాలకు దాన్ని తీసేసింది. అప్పటి నుంచి ఫలానా బాకీ రాదు అని తేలి, దాన్ని పుస్తకాల్లోంచి రైటాఫ్ చేస్తేనే తగ్గింపు. అది కూడా ఆ మొత్తాన్ని ముందు ఆదాయంగా చూపించి పన్ను లెక్కలోకి తెచ్చినవాళ్లకే. మీది క్యాష్ బేసిస్, డబ్బు చేతికొచ్చాకే ఆదాయం. రాని 86,000ని మీరు అసలు ఆదాయంగా చూపించనే లేదు, మరి చూపించనిదాన్ని తీసేయడం ఎలా?

అన్యాయంగా అనిపిస్తుందని తెలుసు, అందుకే అంకెల్లో చెప్తాను. ఆ ప్రాజెక్టులో పని చేసిన మీ మనుషులకు జీతాలు, పేరోల్ ట్యాక్సులు కలిపి 68,000 అయ్యాయనుకుందాం. క్యాష్ బేసిస్ రిటర్న్‌లో ఈ 68,000 ఖర్చు ఇప్పటికే పడిపోయింది, ఆదాయం సున్నా. అంటే పన్ను లెక్కలో ఈ ప్రాజెక్టు మీద మీరు 68,000 నష్టం ఇప్పటికే చూపించారు, ఆ మేరకు మీ ఇతర లాభం మీద పన్ను తగ్గింది. బ్యాంకుకిచ్చే గ్యాప్ స్టేట్‌మెంట్‌లో మాత్రం 86,000 ఆదాయం రాశారు, 68,000 ఖర్చు, ఆపైన 51,600 అలవెన్స్, అంటే 33,600 నష్టం. రేపు ఆ వెండర్ ఒక్క డాలర్ కూడా ఇవ్వడని తేలితే మిగిలిన 34,400 కూడా పుస్తకాల్లో పోతుంది, అప్పుడు అక్కడా 68,000 నష్టమే. రెండు దారులూ చివరికి ఒకే చోటికి చేరతాయి, మీ రిటర్న్ ముందే చేరిపోయింది. అంటే మీకు దక్కాల్సిన ఉపశమనం ఎవరూ లాక్కోలేదు, అది వేరే గడిలో ఉంది. పుస్తకాల లాభానికీ పన్ను లాభానికీ ఉన్న ఈ తేడాని మీ సీపీఏ కంపెనీ రిటర్న్ 1120-ఎస్ ఫారంలో ఎం-1 షెడ్యూల్‌లో కలిపి చూపిస్తారు, ఆ పేజీ తీసి చూడండి, మీకే తెలిసిపోతుంది.

ఇది చదివేవాళ్లలో అక్రూవల్ పద్ధతిలో రిటర్న్ వేసేవాళ్లు ఉంటే వాళ్ల కథ వేరు. వాళ్లు ఇన్వాయిస్ పంపినప్పుడే పన్ను కట్టేశారు, కాబట్టి బాకీ రాదని తేలిన సంవత్సరంలో తీసేసుకోవచ్చు. వ్యాపార బాకీ అయితే రాదని తేలిన కొంత భాగం వరకే రైటాఫ్ చేసినా ఒప్పుకుంటారు. కోర్టుకి వెళ్లి తీరాలన్న నియమం లేదు, కేసు గెలిచినా రాబట్టడానికి అవతలివాళ్ల దగ్గర ఏమీ లేదని చూపించగలిగితే చాలు. పాత సంవత్సరంలో తీసుకోవాల్సిన రాని బాకీని మర్చిపోయి ఉంటే, మామూలు మూడేళ్ల గడువు బదులు దీనికి ఏడేళ్ల వరకు సమయం ఉంటుంది. ఇదంతా చదివి మీరు మాత్రం అక్రూవల్‌కి మారిపోదాం అనుకోకండి, దానివల్ల ఈ 86,000 మీద మీకు అదనంగా వచ్చేది ఏమీ లేదు.

వెండర్ మీద ఆశ వదులుకోమని నేను అనడం లేదు. పుస్తకంలో అలవెన్స్ పెట్టడం అంటే అవతలివాణ్ణి వదిలేయడం కాదు, రైటాఫ్ చేసినా మీ హక్కు పోదు, తర్వాత డబ్బు వస్తే వసూలు కింద రాసుకుంటారు, అంతే. టెక్సస్‌లో ఒప్పందం ప్రకారం రావాల్సిన బాకీకి దావా వేయడానికి నాలుగేళ్ల గడువు ఉంది. లాయర్‌తో డిమాండ్ లెటర్ ఇప్పించండి. మీ ఒప్పందంలో పైన క్లయింటు కడితేనే మీకు కడతాం అన్న క్లాజు ఉందేమో చూడండి, ఈ రంగంలో ఆ ఒక్క వాక్యం చాలామంది కొంప ముంచుతోంది. వెండర్ దివాలా పిటిషన్ వేస్తే కోర్టు చెప్పిన గడువులోపు మీ బాకీ రుజువు దాఖలు చేయాలి, దివాలాకి ముందు 90 రోజుల్లో మీకు కట్టిన డబ్బుని కూడా ట్రస్టీ వెనక్కి అడిగే అవకాశం ఉంటుందని గుర్తుంచుకోండి. ఒక్క మాట మనస్ఫూర్తిగా చెప్పాలి, వెండర్ ఇవ్వకపోయినా మీ ఉద్యోగులకు జీతాలు ఆపలేదని రాశారు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకి ఎలాగూ అది చట్టం, క్లయింటు డబ్బు రాలేదన్న కారణంతో జీతం ఆపడానికి వీల్లేదు. కానీ చట్టం ఉన్నా ఆపేసేవాళ్లు ఎంతమందో ఆ పిల్లలు రాసే ఉత్తరాలు చదివేవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, మీరు చేసింది చాలా మంచి పని.

బ్యాంకుకి ఈ స్టేట్‌మెంట్లు పంపే ముందే ఆఫీసర్‌కి ఫోన్ చేసి విషయం చెప్పండి. ఇన్వాయిస్‌ల మీద ఇచ్చే లైన్‌లో 90 రోజులు దాటిన బాకీలను చాలా బ్యాంకులు ఎలాగూ లెక్కలోకి తీసుకోవు, కాబట్టి అలవెన్స్ పెట్టినంత మాత్రాన కొత్తగా మునిగేది తక్కువే. దాచిపెట్టి తర్వాత బయటపడితేనే అసలు కష్టం. లాభం ఇంతకంటే తగ్గకూడదు లాంటి షరతులు లోన్ ఒప్పందంలో ఉంటే మాత్రం ఈ సంవత్సరానికి మినహాయింపు ముందే రాతపూర్వకంగా అడగండి.

ఇక ఇంటి సంగతి. 2025 జూలై 4న సంతకమైన చట్టంతో 2025కి చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ పిల్లకి 2,200 డాలర్లు అయింది. క్రెడిట్ అంటే కట్టాల్సిన పన్నులోంచే నేరుగా తగ్గేది, ఆదాయంలోంచి తగ్గే డిడక్షన్ కంటే ఎన్నో రెట్లు విలువైనది. కానీ డిసెంబర్ 31 నాటికి పిల్లలకి 17 నిండకుండా ఉండాలి. మీ అబ్బాయికి నవంబర్‌లో నిండాయి కాబట్టి వాడికి 2,200 రాదు, ఇతర డిపెండెంట్ల కింద 500 వస్తుంది. ఏడాదిలో చాలాభాగం వాడు పదహారేళ్లవాడే కదా అని వాదించి లాభం లేదు, చివరి రోజు వయసే లెక్క. పాపకి 2,200, బాబుకి 500, మొత్తం 2,700. ఉమ్మడి రిటర్న్‌లో ఆదాయం నాలుగు లక్షలు దాటితే దాటిన ప్రతి వెయ్యికీ 50 చొప్పున తగ్గుతుంది. మీరు 12,000 దాటారు, 600 పోతుంది, మీకు వచ్చేది 2,100.

2021లో నెలనెలా బ్యాంకులో పడిన డబ్బు గుర్తుపెట్టుకుని ఇంకా అవి ఎందుకు రావడం లేదని అడిగేవాళ్లు ఉన్నారు. అది ఆ ఒక్క ఏడాదికి, జూలై నుంచి డిసెంబర్ వరకే. 2024లో కుటుంబాలకీ వ్యాపారాలకీ కలిపి ఒక పన్ను ఉపశమన బిల్లు ప్రతినిధుల సభలో భారీ మెజారిటీతో గెలిచి, ఆగస్టు 1న సెనేట్‌లో ఆగిపోయింది. ఆ వార్తల్లో చదివిన అంకెలతో ఇప్పటి రిటర్న్ లెక్క వేసుకోవద్దు. హెచ్-1బి కుటుంబాల కోసం ఇంకో మాట: ఇండియాలో పుట్టి హెచ్-4 మీద వచ్చిన పిల్లలకు సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండదు, పన్ను రిటర్న్ కోసం మాత్రమే ఇచ్చే ఐటిన్ నంబర్ ఉంటుంది. ఐటిన్ ఉన్న పిల్లలకు 2,200 రాదు, 500 వస్తుంది. ఒకే ఇంట్లో అక్కకి 500, ఇక్కడ పుట్టిన తమ్ముడికి 2,200 రావడం చూస్తే తల్లిదండ్రులకు మనసు చివుక్కుమంటుంది, కానీ నియమం అంతే. 2025 నుంచి తల్లిదండ్రుల్లో కనీసం ఒకరికి కూడా పని చేసే అర్హతున్న సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండాలి.

అత్తయ్య, మామయ్యల విషయంలో జవాబు, కుదరదు. మీరు ఎంత పంపినా సరే, వాళ్లు విజయవాడలో ఉంటున్నారు, అమెరికా పౌరులు కారు, ఇక్కడి రెసిడెంట్లు కారు, కాబట్టి డిపెండెంట్లుగా చూపించకూడదు. కెనడా, మెక్సికోల్లో ఉండేవాళ్లకి మినహాయింపు ఉంది, ఇండియాకి లేదు. రేపు గ్రీన్ కార్డ్ మీద వచ్చి మీ దగ్గరే ఉండి, వాళ్ల ఖర్చులో సగానికి పైగా మీరే భరిస్తూ, వాళ్ల సొంత ఆదాయం ఏటా ప్రకటించే పరిమితి లోపల ఉంటే, 2025కి అది 5,200, అప్పుడు ఒక్కొక్కరికి 500 చూపించొచ్చు. విజయవాడలో ఇంటి అద్దె వస్తుంటే అది కూడా వాళ్ల ఆదాయంలోకే వస్తుందని మర్చిపోకండి. ఇంకో సలహా కూడా మనవాళ్ల మధ్య తిరుగుతోంది, విజిటర్ వీసా మీద వచ్చిన అత్తగారికి పాపని చూసుకున్నందుకు జీతం ఇచ్చినట్టు రాసి క్రెడిట్ తీసుకోమని. దయచేసి ఆ పని చేయకండి. ఆ వీసా మీద జీతం తీసుకోకూడదు, మీకు వచ్చే 600 డాలర్ల కోసం పెద్దావిడ రాకపోకలకే ముప్పు తేవడం నాకు అస్సలు నచ్చదు.

ఆ 600 ఎక్కడిదంటే, మీరిద్దరూ ఉద్యోగాల్లో ఉండగా 13 ఏళ్లలోపు పాపని చూసుకోవడానికి అయిన ఖర్చుకి వేరే క్రెడిట్ ఉంది, ఫారం 2441. ఒక బిడ్డకి 3,000 వరకు ఖర్చు లెక్కలోకి వస్తుంది, మీ ఆదాయ స్థాయిలో ఆ ఖర్చులో 20 శాతం క్రెడిట్. స్కూలు అయ్యాక ఉంచే ఆఫ్టర్ కేర్, వేసవిలో పగటిపూట క్యాంపు లెక్కకి వస్తాయి, రాత్రి ఉండే క్యాంపు రాదు, మ్యాథ్స్ ట్యూషన్ రాదు, శనివారం కూచిపూడి క్లాసు రాదు. మీ విషయంలో దీనికంటే మేలైనది మీ ఆవిడ కంపెనీ ఇచ్చే డిపెండెంట్ కేర్ ఖాతా, అంటే పిల్లల్ని చూసుకునే ఖర్చు కోసం జీతంలోంచి పన్ను పడకముందే డబ్బు పక్కన పెట్టేది. 2025 వరకు 5,000 ఉన్న పరిమితి 2026 నుంచి 7,500 అయింది. అంత ఖర్చు నిజంగా ఉంటే 24 శాతం శ్లాబులో 1,800కి పైనే మిగులుతుంది. ఎస్ కార్పొరేషన్ యజమానిగా మీ సొంత కంపెనీ ద్వారా మీరు ఇది తీసుకోలేరు, అందుకే ఆవిడ వైపు నుంచి చేయండి. ఒకే ఖర్చుకి ఖాతా, క్రెడిట్ రెండూ వాడకూడదు. ఎన్‌రోల్‌మెంట్ సమయం దాటిపోయి ఉంటే అక్టోబర్, నవంబర్ నెలల్లో మళ్లీ వచ్చే దాకా ఆగాలి.

చేబదులు 20,000 గురించి నేరుగా అడుగుతాను, అది అప్పని చూపించే కాగితం ఏదైనా ఉందా? ప్రామిసరీ నోటు లేకపోయినా ఎప్పుడు తిరిగిస్తానో చెప్పిన వాట్సాప్ మెసేజ్‌లు, జెల్ యాప్‌లో పంపిన ట్రాన్స్‌ఫర్లు, మీరు అడిగిన తేదీలు, అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. ఇది వ్యాపార బాకీ కాదు, స్నేహితుడికి ఇచ్చింది. కాబట్టి పూర్తిగా రాదని తేలితేనే చూపించాలి, సగం వస్తుందన్న ఆశ ఉన్నంతకాలం కుదరదు. తేలిన ఏడాది ఫారం 8949లో స్వల్పకాలిక క్యాపిటల్ లాస్‌గా వెళ్తుంది. మీకు షేర్ల మీద లాభాలుంటే వాటితో సర్దుబాటవుతుంది, లేకపోతే ఏడాదికి 3,000 చొప్పున, మిగతాది ముందుకు జరుగుతూ పోతుంది. తిరిగివ్వకపోయినా ఫర్వాలేదులే అన్న ఉద్దేశంతో ఇచ్చి ఉంటే అది బహుమతి, అప్పు కాదు, అప్పుడు రిటర్న్‌లో చోటు లేదు. ఆ సంగతి మీ మనసుకే తెలుసు. స్నేహితుడు నిజంగా కష్టంలో ఉంటే నెలకి 300 చొప్పున కట్టేలా ఇద్దరూ ఒక కాగితం రాసుకోండి. నష్టం చూపించుకోవడం కంటే అదే మీకు ఎక్కువ తెచ్చిపెడుతుంది.

మీ వ్యాపారానికి నిజంగా సరిపోయే క్రెడిట్ గురించి ఎవరూ మీకు ఫోన్ చేసి ఉండరు, ఎందుకంటే అందులో కమిషన్ తక్కువ. మీ కంపెనీలో 401(కె) లేదని రాశారు. 50 మంది లోపు ఉన్న కంపెనీ మొదటిసారి రిటైర్‌మెంట్ ప్లాన్ పెడితే దాన్ని నడపడానికయ్యే ఖర్చుకి మూడేళ్ల పాటు క్రెడిట్ ఇస్తారు. ఎక్కువ జీతగాళ్లు, యజమానులు కాని ఉద్యోగికి 250 చొప్పున లెక్క, కనీసం 500, ఏడాదికి గరిష్ఠంగా 5,000, ఖర్చు పెట్టినంత వరకే. మీ పన్నెండు మందిలో పది మంది ఆ కోవలోకి వస్తే 2,500 దాకా. ఆటోమేటిక్‌గా అందరినీ చేర్చే పద్ధతి పెడితే ఇంకో 500. ఫారం 8881. అంతకంటే ముఖ్యం, 2026లో మీ డబ్ల్యూ-2 జీతంలోంచి, అంటే కంపెనీ పేరోల్‌లో మీరు తీసుకునే జీతంలోంచి, మీరు 24,500 వరకు అందులో వేసుకోవచ్చు. ఎస్ కార్పొరేషన్ లాభంలోంచి తీసుకునే డిస్ట్రిబ్యూషన్ దీనికి పనికిరాదు, జీతమే. ఆదాయం ఈ ఏడాదీ 4,12,000 ఉంటుందనుకుంటే అది 3,87,500కి దిగుతుంది, పిల్లల క్రెడిట్‌లో పోయిన 600 తిరిగొస్తుంది, పన్ను ఇంకో 5,900 దాకా తగ్గుతుంది. ఆ వెండర్ డబ్బు ఈ ఏడాది ఊహించకుండా వస్తే ఆదాయం పెరుగుతుంది కదా, అప్పుడు ఇది మరీ అక్కరకొస్తుంది. ఉద్యోగులకు మీరు కూడా కొంత కలపాల్సి రావచ్చు, ఆ ఖర్చు లెక్క వేయించుకున్నాకే మొదలుపెట్టండి, కానీ మీ దగ్గర మంచి మనుషులు నిలవాలంటే అది పెట్టాల్సిన ఖర్చే అని నా అభిప్రాయం.

ఆఖరుగా ఆ ఫోన్ కాల్. ఆర్ అండ్ డీ క్రెడిట్ నిజమైనదే, ఎన్నో సాఫ్ట్‌వేర్ కంపెనీలు న్యాయంగా తీసుకుంటున్నాయి. కానీ మీరు చేస్తున్నది ఏమిటి? మనుషుల్ని క్లయింటు దగ్గరికి పంపి గంటకి ఇంత అని బిల్లు వేస్తున్నారు. వాళ్లు రాసిన కోడ్ పని చేసినా చేయకపోయినా గంటల డబ్బు మీకు రావాలి, ఆ కోడ్ మీద హక్కులన్నీ క్లయింటువే. ఇలాంటి పనిని చట్టం వేరేవాళ్ల డబ్బుతో జరిగిన పరిశోధనగా చూస్తుంది, దానికి మీకు క్రెడిట్ రాదు. పని విఫలమైతే మీకు డబ్బు రాని పద్ధతిలో ఒప్పందం ఉండి, చేసినదాన్ని మీరూ వాడుకునే హక్కు ఉంటేనే ఆలోచించాలి. వెండర్ డబ్బు ఎగ్గొట్టాడు కాబట్టి రిస్కు మీదే అయిందని ఆ ఏజెంట్ చెప్తే నమ్మకండి, డబ్బు ఎగ్గొట్టడం వేరు, ప్రయోగం విఫలమవడం వేరు. మీ అంతట మీరు సొంత ప్రాడక్టు ఏదైనా కడుతుంటే, దానికి ఎవరు ఎన్ని గంటలు పని చేశారో, ఏ సాంకేతిక చిక్కు విప్పడానికి ఏమేం ప్రయత్నించారో రికార్డు ఉంటే, అంతవరకు మీ సీపీఏతోనే లెక్క వేయించుకోండి.

కోవిడ్ తర్వాత ఉద్యోగుల రిటెన్షన్ క్రెడిట్ పేరుతో ఇలాగే శాతాల లెక్కన క్లెయిములు వేయించారు. తప్పుడు క్లెయిములు ఎంత పేరుకుపోయాయంటే 2023 సెప్టెంబర్ 14న ఐఆర్ఎస్ కొత్తవాటిని చూడటమే ఆపేసింది. అలాంటి క్లెయిమ్ తిరగబడితే అసలు, వడ్డీ, పెనాల్టీ మీ మీద పడతాయి, తీసుకున్న 25 శాతం ఎవరూ వెనక్కి ఇవ్వరు. మీరు ఇంకా సంతకం చేయలేదన్నారు, చాలా మంచిది. వాళ్లు పంపిన ఒప్పందం కాపీని మీ సీపీఏకి పంపండి, మాకు అక్కర్లేదు, మా పేరుతో ఏ ఫారమూ దాఖలు చేయవద్దు అని వాళ్లకి ఈ వారంలోనే ఈమెయిల్ పెట్టండి. పేరోల్ రిపోర్టులు ముందే ఇచ్చి ఉంటే వాటిని డిలీట్ చేసినట్టు రాతపూర్వకంగా అడగండి, అందులో మీ ఉద్యోగుల సోషల్ సెక్యూరిటీ నంబర్లు కూడా ఉంటాయి.